మేస్త్రి మోకాలు, టీచరమ్మ టిక్కు

ఆ ఉదయం వడ్రంగి మేస్త్రి వేసుకున్న పథకంలో ఎక్కడా సందు లేదు. తొమ్మిదికి ఆసుపత్రిలో రక్తం ఇవ్వాలి. దాన్ని యంత్రంలో గిరగిరా తిప్పి, పైన తేలిన పసుపు ద్రవాన్ని తీసి, పదికల్లా ఆయన ఎడమ మోకాల్లోకే ఎక్కిస్తారు. అరిగిన కీలు ఆరు వారాల్లో కాస్త దారికి రావచ్చన్నాడు డాక్టరు. రాకపోవచ్చని కూడా అన్నాడు గానీ, మేస్త్రి చెవి మొదటి ముక్క దగ్గరే ఆగిపోయింది. ఏడో వారంలో ఫ్యాక్టరీ వాళ్ల వైద్య పరీక్ష. గొంతుక్కూర్చుని లేవలేకపోతే ముప్పై ఏళ్లుగా తలుపులు చేస్తున్న బల్ల పోతుంది, దాంతోపాటు ఉద్యోగమూ.

"పొరపాటున మంచి కాలికి పొడిచేస్తారేమోనే," అన్నాడు గుండీలు పెట్టుకుంటూ.

"అంత భయమైతే గుర్తు పెట్టుకోండి," అంది భార్య. ఆవిడ బళ్లో లెక్కల టీచరు.

మేస్త్రి నల్ల పెన్ను తీసి ఎడమ మోకాలి మీద పెద్ద ఇంటూ గీశాడు. పాడైన చెక్క మీద ఆయన వేసే గుర్తు అదే. ఆవిడ మాత్రం ఊరుకుంటుందా? ఎర్ర పెన్నుతో కుడి మోకాలికి టిక్కు కొట్టింది. బాగున్నదాన్ని టిక్కు లేకుండా వదలడం ఆవిడ చేత కాదు.

ఆ మోకాళ్లను చూసి నర్సు మురిసిపోయింది. "భలే బాబాయ్! ఈ గుర్తులు మీరే పెట్టారా?"

"నేనూ, మా ఆవిడా."

"చూసుకునే పెట్టారుగా?"

"ముప్పై ఏళ్ల అనుభవం తల్లీ," అన్నాడు మేస్త్రి, సూది కనబడగానే కళ్లు గట్టిగా మూసుకుని.

నర్సు ఇంటూ ఉన్న కాలిని గుడ్డతో కప్పేసి, టిక్కున్న కాలిని డాక్టరు ముందు పెట్టింది.

సాయంత్రానికి కుడి మోకాలు గుమ్మడికాయయింది. ఫోన్ చేస్తే డాక్టరు, "మూడు నాలుగు రోజులు వాపుంటుంది. నొప్పి మాత్రలు మాత్రం మింగొద్దు, మందు పనిచెయ్యదు," అన్నాడు.

"పనిచేసి ఏం చేస్తుంది డాక్టర్ గారూ, ఆ కాలికి రోగమే లేదుగా!"

అవతల డాక్టరు కాగితాలు తిరగేశాడు. "సరే, రెండోదానికి వచ్చే వారం చేద్దాం. ఈసారి గుర్తులేమీ పెట్టకండి."

ఫోన్ పెట్టేలోపే ఫ్యాక్టరీ నుంచి కబురు: పరీక్ష ముందుకు జరిగింది, రేపే.

"నా బతుకు బుగ్గయిందే," అన్నాడు మేస్త్రి. "ఒక కాలు మొరాయిస్తే రెండోదాని మీద ఆనుకునేవాణ్ణి. ఇప్పుడు దేని మీద ఆనుకోను?"

"నా మీద ఆనుకోండి."

"టిక్కు కొట్టింది నువ్వే కదే!"

మర్నాడు ఫ్యాక్టరీ డాక్టరు, "గొంతుక్కూర్చోండి," అన్నాడు. మేస్త్రి కూర్చోలేదు, కూలబడ్డాడు.

"లేవండి."

ఏ కాలూ మాట వినలేదు. తలుపుల బల్ల కళ్ల ముందు తిరిగింది. ఎదురుగా డాక్టరు మేజా కాలు కనబడింది.

"అయ్యా, ఈ మేజా ఊగుతోందా?"

"ఏడాదిగా ప్రాణం తీస్తోందయ్యా!"

"ఉండండి, ఓ పట్టు పడతాను."

మేస్త్రి కూర్చున్నచోటు నుంచే చాకు తీశాడు. చెక్క పేళ్లు చెక్కాడు, బిగించాడు, మళ్లీ ఊడదీసి మళ్లీ బిగించాడు. నొప్పికి కళ్లలో నీళ్లొస్తే దుమ్ము పడిందన్నాడు. ఎవరైనా తనను ఈ లోకంలోంచి తీసుకుపోతే బాగుండుననుకున్నాడు. అరగంట గడిచింది.

"అరగంట గొంతుక్కూర్చున్నారే! నా వల్ల అరనిమిషం కాదు. మోకాళ్లంటే మీవి!" అని డాక్టరు ఏదో రాసి, ముద్ర గుద్ది, కాగితం అక్కడే వదిలి భోజనానికి వెళ్లిపోయాడు.

బయట కాచుకున్న భార్య పరుగున వచ్చి, చంకల కింద చేతులు వేసి లాగింది. మేస్త్రి కదల్లేదు.

"ముందా కాగితం చదువు. పాసేనా?"

"పాసేనండీ! ఇంత గట్టి మోకాళ్లున్న మనిషిని నిలబెట్టి పని చేయించడం దండగట. తలుపుల పని మాన్పించి, చెక్క నేల పరిచే విభాగంలో వెంటనే వేయమని రాశాడు." ఆవిడ గొంతు తగ్గింది. "రోజంతా మోకాళ్ల మీదే పనట."

మేస్త్రి అప్పటికే నేల మీద ఉన్నాడు కాబట్టి, విధుల్లో చేరినట్టే లెక్క.