సున్నం గీత ఆగిన చోటు

ఆ రోజు దేవిదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లవారకముందే లేచి వీధి పొడవునా సున్నంతో గీత గీయాలి. పొద్దెక్కేసరికి మట్టిపని మేస్త్రీ ఫూల్‌సింగ్ కూలీలు వచ్చి ఆ గీత వెంట మోరీ, అంటే వాననీళ్లు పోయే కాలువ, తవ్వాలి. సాయంత్రానికి భార్య గంగమణి తన మూట విప్పాలి. వీటిలో చివరిదే అతనికి అసలు పని, మిగతావి దానికోసమే.

మూట సంగతి ముందుగా చెప్పుకోవాలి. బాన్సువాడలో దేవిదాస్ ఇల్లు ఆ వీధికి చిట్టచివర, పల్లంలో ఉంది. ముందు గదిలో కిరాణా దుకాణం, వెనక వంటిల్లు. ఇల్లు దాటితే ముత్తెన్న గొడ్ల కొట్టం, అది దాటితే వాగు. నిజాంసాగర్ కాలువలు వచ్చిన దగ్గర్నుంచి ఊరికి వరి వచ్చింది, చెరుకు వచ్చింది, వాటి వెనకే బురద కూడా వచ్చింది. వీధిలో ప్రతివాళ్లూ తమ గడప ముందు చిన్న మట్టికట్ట వేసుకుని వాననీళ్లను పక్కింటికి సాగనంపేవారు. పక్కింటివాళ్లు ఆ పక్కింటికి సాగనంపేవారు. ఇంత మర్యాదగా ప్రయాణం చేసిన నీళ్లు చివరికి గంగమణి వంటింట్లో దిగి విశ్రాంతి తీసుకునేవి.

కిందటి వానాకాలంలో పొయ్యిలో కప్ప కనిపించిన రోజున ఆమె తేల్చి చెప్పింది.

"మిరుగు లోపల మోరీ కావాలె. కాకపోతే నేను పిట్లం పోత. మా అన్న పండరి ఇంట్ల పొయ్యిల నిప్పుంటది. కప్పలుండయి."

ఇప్పుడు మిరుగు, అంటే మృగశిర కార్తె, రేపో మాపో అన్నట్టుంది. మూట గడప పక్కన కట్టి ఉంది. దేవిదాస్ లోపలికి వెళ్లినా బయటికి వచ్చినా దాన్ని దాటుకునే వెళ్లాలి.

పోనీ అధికారం లేనివాడా అంటే, ఊరి కమిటీలో మెంబరు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారు. పల్లకీ సంగతేమో గాని, అతని ఇంట్లో ఈగలు నిజంగానే మోగేవి. కమిటీ ఆ మోరీ గురించి ఏళ్ల తరబడి చర్చిస్తోంది. మోరీ కావాలా అంటే అందరి చేతులూ లేచేవి. ఎవరింటి ముందు నుంచి అంటే అందరి చేతులూ దిగేవి. కమిటీకి సదర్‌గా పెద్దరికం చేసే బద్రుద్దీన్ సాబ్ పొగాకు వర్తకుడు, ఎవరి మనసూ నొప్పించలేని మనిషి. "అచ్ఛా, ముంగటి మీటింగ్‌ల చూద్దాం" అని టోపీ సర్దుకుని లేచేవాడు. ఈ చూద్దాంలు వినీ వినీ దేవిదాస్‌కు మీటింగు పేరెత్తితేనే ఆవులింత వచ్చేది.

అయితే కమిటీ ఏమీ చేయలేదనడం కూడా అన్యాయమే. ఒకసారి ఎలాగో తవ్వకం మొదలైతే, కూలీలు తోచినచోట గడ్డపార వేసి అదే వీధిలోని అరుణమ్మ గోడ కూల్చారు. అప్పుడు ప్రజల క్షేమం కోసం గట్టి తీర్మానాలు చేశారు. సున్నం గీత ఉన్నచోట తప్ప ఎవరూ గడ్డపార వేయరాదు. ఎవరూ గుంటలో పడకుండా వీధి మొదట్లో ఎర్రజెండా పాతాలి. మోరీ తవ్వాలా వద్దా అన్నది మాత్రం ఆ రోజు మిగిలిపోయింది. చివరికి దేవిదాస్ ముఖం చూడలేక బద్రుద్దీన్ సాబ్ ఒక మాట ఇచ్చాడు. "గీత గీసుకో సేట్. గీత చూసి ఎవ్వరు కొట్లాడకపోతే తవ్విపిద్దాం."

జనం నిద్ర లేచేలోపు గీత, కొట్లాట లేచేలోపు గడ్డపార. ఇదీ దేవిదాస్ ఆలోచన.

అవి లడాయి రోజులు, దూరదేశాల్లో యుద్ధం. కిరసనాయిలు దొరక్క వీధి లాంతర్లు వెలగడం మానేసి చాలా కాలమైంది. దేవిదాస్ మసక వెలుతురులో వీధి మొదట్లో ఎర్రజెండా పాతి, ధోవతి ఎగ్గట్టి, సున్నం తట్ట పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. చేయి అందినంత మేర గీశాడు. లేచాడు. నడుం పట్టేసింది. పొట్ట మీద చేయి పెట్టుకుని "అమ్మా" అని మూలిగి, నాలుగడుగులు వేసి మళ్లీ కూర్చున్నాడు. అరుణమ్మ గోడ దగ్గర, మళ్లీ కూలితే తన ప్రాణం తీస్తుందని, ఎక్కువసేపు కూర్చుని జాగ్రత్తగా గీశాడు.

వాకిలి చల్లడానికి లేచిన పోసవ్వ ఇదంతా చూసింది. చీకట్లో ఆమెకు సున్నం తట్ట కనిపించలేదు. వీధి పొడవునా కూర్చుంటూ, మూలుగుతూ, మళ్లీ కూర్చుంటూ వెళ్తున్న మనిషి కనిపించాడు. అతని వెనక తెల్లగా సున్నం కనిపించింది. వీధి మొదట్లో ఎర్రగుడ్డ కనిపించింది. వెనకటి గత్తర ఏడాది, ఊళ్లో కలరా ప్రబలినప్పుడు, సర్కారు మనుషులు వీధుల వెంట సున్నం చల్లింది, వీధి మొగలో ఎర్రగుడ్డ కట్టింది ఆమె కళ్లారా చూసింది. ఇంకొకరు చెప్పాల్సిన పనేముంది? చేతిలో చెంబు అక్కడే వదిలేసి అరుణమ్మ తలుపు బాదింది.

"ఓ అరుణా, లే! దేవిదాసుకు గత్తరొచ్చింది! వీధి పొడుగూత కూసుంటనే పోయిండు!"

"అయ్యో! నా గోడ కాడ గూడ కూసున్నడా అవ్వా?"

"ఆడ్నే ఎక్కువసేపు కూసున్నడు. మంచోడు బిడ్డా. ఎనకాల సున్నం సల్లుకుంటనే పోయిండు, మనకు అంటొద్దని."

ఈలోగా గీత దేవిదాస్ గడప దాకా వచ్చింది, తట్టలో సున్నం అయిపోయింది. ఇక అతని ఇంటి నుంచి వాగు దాకా ఒక్క ముక్క మిగిలింది. అతను చేతులు కడుక్కుని లోపలికి వెళ్లాడు.

"అయిందా?" అంది గంగమణి.

"మనింటి దాక అయింది. వాగు దాక జర ఉన్నది. చాయ్ తాగి గీస్త."

"చాయ్ తాగినంక ఏ పని చేసినవయ్యా నువ్వు?"

ఆ చాయ్ సగం కూడా పూర్తికాలేదు. బయట బండ్ల చప్పుడు వినిపించింది. గత్తర వస్తే ఊళ్లో ఉండకుండా సామాన్లతో పొలాలకు వెళ్లి గుడిసెలు వేసుకోవడం ఆ ప్రాంతంలో అలవాటే. వీధిలో వాళ్లంతా బియ్యం, గిన్నెలు, కోళ్లు, ముసలివాళ్లు అందిన వరుసలో బండ్లకెక్కిస్తున్నారు. దేవిదాస్ గడప దాటి రాగానే అందరూ ఒక్కసారి వెనక్కి జరిగారు. తోటి మెంబరు ముత్తెన్న కండువా ముక్కుకు అడ్డం పెట్టుకుని దూరం నుంచే చేయి చాపాడు.

"దేవిదాసన్నా, ఆడ్నే ఆగు! ఎన్నిసార్లయినయ్?"

"ఏంది ఎన్నిసార్లు?"

"గత్తరన్నా, గత్తర!"

"నాకేం గత్తర? నేను మంచిగున్న!"

"అందరు గట్లనే అంటరు" అన్నాడు ముత్తెన్న జాలిగా.

ఆ మాటా నిజమే. గత్తర ఏడాది రోగం వచ్చినవాడిని ఊరి బయట గుడిసెలో పెట్టేవారు. ఆ భయానికి, రోగం వచ్చిన ప్రతివాడూ రాలేదనే అనేవాడు. అందుకని బాన్సువాడలో గత్తర లేదనే మనిషికి గత్తర ఉన్నట్టే లెక్క.

"పొద్దుగాల వీధి పొంటి కూసున్నవా లేదా?"

"కూసున్న. గీత గీస్తందుకు కూసున్న!"

"గంతసేపా?"

దేవిదాస్‌కు ఓపిక నశించింది. "ఇగో, గిట్ల గీసిన, సూడుండ్రి" అని చూపించడానికి గీత పక్కన కూర్చున్నాడు.

"అగో, మళ్ల కూసున్నడు!" అని పోసవ్వ కేక పెట్టింది. ఆ కేకకు అప్పటిదాకా కదలని బండ్లు కూడా కదిలాయి.

వీధి ఖాళీ అయ్యేసరికి బద్రుద్దీన్ సాబ్ ముక్కుకు అత్తరు రుమాలు కట్టుకుని, మెంబర్లను వెంటబెట్టుకుని వచ్చాడు. దేవిదాస్ అరుగు మీద, కమిటీ వీధి అవతలి కొసన నిలబడి మీటింగు మొదలైంది.

"డాక్టర్ సాబ్ బోధన్ నుంచి రావాలె సేట్. గప్పటి దాక నువ్వు గడప దాటొద్దు. వీధి బంద్."

"సాబ్, నాకు రోగం లేదంటున్న!"

"పరేషాన్ గాకు. అందరు గట్లనే అంటరు. ఇగ రెండోది. ఈ గత్తర ఎందుకొచ్చింది? ఈ గలీజు నీళ్లతోని వచ్చింది. మోరీ గిప్పుడే తవ్వాలె. ఏమంటరు?"

ఏళ్ల తరబడి దిగిన చేతులన్నీ గభాలున లేచాయి. అభ్యంతరం చెప్పాల్సిన ఇళ్లవాళ్లంతా అప్పటికి కాలువ గట్టు చేరుకుని పొయ్యిలు పేరుస్తున్నారు. దేవిదాస్ చెయ్యి ఒక్కటే మిగిలింది. "ఒక్క చెయ్యి తక్కువున్నా చెల్లదు సేట్" అని సదర్ దూరం నుంచి గుర్తుచేశాడు.

దేవిదాస్ ఖాళీ వీధి చూశాడు. తెల్లని గీత చూశాడు. గడప పక్కనున్న మూట చూశాడు. పొద్దుటి నుంచి నిజం చెప్పి అలిసిపోయిన మనిషి, నిదానంగా ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని, మూలుగుతూ రెండో చెయ్యి ఎత్తాడు.

ఫూల్‌సింగ్ కూలీలు మొదట రామన్నారు. చివరికి, రోగి బయటికి రాకూడదు, తమతో మాట్లాడకూడదు అన్న షరతు మీద గడ్డపారలు అందుకున్నారు.

"నీకు గత్తరా?" అంది గంగమణి లోపల. "రాత్రి ఇంకో రొట్టె అడిగి మరీ తిన్నవు గదయ్యా!"

"ఊకో. మోరీ అయ్యేదాక నాకు గత్తరే."

పొయ్యిలో కప్ప కనిపించాక గంగమణి నవ్వడం అదే మొదటిసారి. లేచి వెళ్లి మూట ముడి సగం విప్పింది. అది చూసి దేవిదాస్‌కు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఉక్కపోతలో గొంగడి కప్పుకుని, ఎవరి అడుగులు వినిపించినా మూలుగుతూ, మధ్యమధ్య బెల్లం ముక్క చప్పరిస్తూ పడుకున్నాడు. గడ్డపారల చప్పుడు దగ్గరవుతోంది. పోసవ్వ ఇల్లు దాటింది. అరుణమ్మ గోడ క్షేమంగా దాటింది. మట్టికట్టలన్నీ తెగిపోతున్నాయి. చప్పుడు అతని గడప దగ్గరికి వచ్చి ఆగింది.

అన్నం తింటున్నారేమో అనుకున్నాడు. ఎంతకూ చప్పుడు లేకపోతే కిటికీలోంచి తొంగి చూశాడు. ఫూల్‌సింగ్ పార కడుక్కుంటున్నాడు.

"ఫూల్‌సింగ్! ఆపినవేంది? వాగు దాక తవ్వాలె!"

ఫూల్‌సింగ్ ఉలిక్కిపడి వెనక్కి దూకాడు. "గీత ఈడికే ఉన్నది సేటు. గీత లేని తాన గడ్డపార ఎయ్యొద్దని కమిటీ హుకుం."

"ఆ హుకుం చేసింది మేమే! సున్నం అయిపోయింది, అందుకే గీయలే! వాగు... వాగు దాక..."

ఫూల్‌సింగ్ తన మనుషుల వైపు తిరిగి తల ఊపాడు. "జెరం తలకెక్కింది పాపం. వాగు, వాగు అంటుండు. దూప అయితున్నట్టున్నది." నీళ్ల కుండ ఒకటి దూరంగా పెట్టి, పారలు భుజానికెత్తుకున్నాడు.

ఇక లాభం లేదని దేవిదాస్ గొంగడితోనే వీధిలోకి పరుగెత్తాడు. "ఆగుండ్రి! నాకేం లేదు! నేను మంచిగున్న!"

"అందరు గట్లనే అంటరు!" అని అరుస్తూ కూలీలు ఇంకా వేగంగా పరుగెత్తారు. అతను వెనక్కి వచ్చి దుకాణంలో తమలపాకుల కోసం ఉంచిన సున్నం డబ్బా తీసి, వేలితో గీత పొడిగించడం మొదలుపెట్టాడు. డబ్బా గడప ముందే అయిపోయింది. అయినా గీత చూసి తవ్వడానికి వీధిలో మనిషి ఉంటే గదా.

అయ్యవారు వచ్చేవరకు అమావాస్య ఆగుతుందా? డాక్టరు వచ్చేవరకు వాన కూడా ఆగలేదు. సాయంత్రమే మబ్బు కమ్మింది. ఇదివరకు నీళ్లు ప్రతి కట్ట దగ్గరా ఆగుతూ, మొహమాటపడుతూ వచ్చేవి. ఇప్పుడు వాటికి కట్టలు లేవు, వంకర్లు లేవు, కొత్త మోరీ నున్నగా ఉంది. వీధి నీళ్లన్నీ ఒక్క పరుగున వచ్చి గంగమణి వంటింట్లో నిలబడ్డాయి. కప్ప ఈసారి ఒంటరిగా రాలేదు, బంధుబలగంతో వచ్చింది.

గంగమణి నేరుగా మూట దగ్గరికి వెళ్లింది. సగం విప్పిన ముడి మళ్లీ బిగించింది. తిట్టినా బాగుండేదనిపించింది దేవిదాస్‌కు.

మరునాడు పొద్దున పండరి బండి కట్టుకుని పిట్లం నుంచి ఏడుస్తూ దిగాడు. దేవిదాస్ పోయాడన్న కబురు అక్కడికి ముందే చేరింది. బావ మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉండడం చూసి, ఏడుపు ఎక్కడ ఆపాలో తెలియక కాసేపు అలాగే కొనసాగించాడు.

"బతికే ఉన్నవా బావా?"

"ఉన్ననే."

"అన్నా, ఏడుపు ఆపు" అంది గంగమణి మూట చంకన పెట్టుకుని. "వచ్చిన బండి ఖాళీ పోవుడెందుకు? పా."

"గంగా, ఆ కొంచెం ముక్క తవ్విపిస్త. ఒట్టు" అన్నాడు దేవిదాస్. ఆ గొంతులో మూలుగు ఈసారి నటన కాదు.

"తవ్విపించినంక కబురు పంపు" అని ఆమె బండి ఎక్కింది. బండి మలుపు తిరిగేదాకా అతను మోకాలి లోతు నీళ్లలో అలాగే నిలబడ్డాడు.

డాక్టరు వచ్చాడు. నాలుక చూశాడు, పొట్ట నొక్కాడు, పాదాలు నానిపోవడం తప్ప రోగమేమీ లేదన్నాడు. జనం పొలాల నుంచి తిరిగొచ్చారు. ఎండిన గడపలు చూసి మురిసిపోయారు. మోరీ తమ ఇంటి ముందు నుంచే పోయిందన్న కోపం ఎవరికీ లేదు. "నీ పున్యాన మా వాకిలి ఎండింది బిడ్డా. సల్లగుండు" అని పోసవ్వ దీవించింది. దేవిదాస్ అప్పటికే చాలా చల్లగా ఉన్నాడు.

తరువాతి మీటింగులో అతను లేచి, తన గడప నుంచి వాగు దాకా మిగిలిన కాస్త మోరీ తవ్వించమని చేతులు జోడించాడు.

"ఏంది, నా కొట్టం ముంగట నుంచా?" అన్నాడు ముత్తెన్న. "గొడ్లు బెదురుతయి."

"అచ్ఛా, ముంగటి మీటింగ్‌ల చూద్దాం" అని బద్రుద్దీన్ సాబ్ టోపీ సర్దుకున్నాడు. సర్దుకుని, ప్రజల క్షేమం గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు. "మగర్ సేట్, నీ ఇంటి ముంగట మస్తు నీళ్లు నిలబడ్డయి. ఎవరన్న పడితే జిమ్మేదారి కమిటీది. వీధి మొగలున్న ఎర్రజెండా తెచ్చి నీ గడప కాడ పాతుదాం. ఏమంటరు?"

అందరి చేతులూ లేచాయి. ఒక్క చెయ్యి తక్కువున్నా చెల్లదు కాబట్టి అందరూ దేవిదాస్ వైపు చూశారు. అతనూ ఎత్తాడు. రెండో చెయ్యి పొట్ట మీదే ఉంది; ఈసారి అది ఆకలి.