నానా పల్లెకు వెళ్లారు

మంగళవారం ఉదయం ఏడు గంటల వార్తల్లో కుమాసి రేడియో దేశ ప్రజలకు ఒక శుభవార్త వినిపించింది. సంప్రదాయ వికాస శాఖ మంత్రి హానరబుల్ డాక్టర్ అమాంక్వా గారు ముందురోజు అసువోసో విచ్చేసి, ఆ ఊరి రాజు నానా మూడో ఫ్రింపాంగ్‌ని మర్యాదపూర్వకంగా కలుసుకున్నారు. నానా సంపూర్ణ ఆరోగ్యంతో, చిరునవ్వుతో మంత్రిగారికి వీధి గుమ్మం దాకా ఎదురొచ్చారు. వాగు పుట్టే మొదలు దగ్గరి అడవినీ, దాన్ని ఆనుకుని ఉన్న కోకో తోటలనూ జాతీయ సంప్రదాయ పరిరక్షణ కేంద్రం కట్టుకోమని ప్రభుత్వానికి సంతోషంగా ఇచ్చేశారు. ఆ తర్వాత ప్రభుత్వ పనితీరును గంటసేపు కొనియాడారు.

అసువోసోలో ఈ వార్త విన్నవాళ్ల నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. మంత్రిగారు మా ఊరు రానే లేదన్నది చిన్న విషయం. మంత్రులు రాకుండానే వచ్చి వెళ్లడం మాకు అలవాటే. మా రాజులు ఎవరికీ ఎదురెళ్లరన్నది కూడా చిన్న విషయమే, రాసినవాడు రాజధాని అక్రాలో కూర్చుని రాసి ఉంటాడు. అసలు సంగతి ఏమిటంటే, నానా పద్దెనిమిది రోజుల కిందటే పల్లెకు వెళ్లిపోయారు.

పల్లెకు వెళ్లడమంటే ఏమిటో మా అసాంటేల్లో పాలు తాగే పిల్లలక్కూడా తెలుసు. రాజు చనిపోయాడు అనకూడదు. రాజులు చావరు, పల్లెకు వెళతారు. కుమాసిలోని పెద్ద రాజుగారికి కబురు పంపి, లోపల జరగాల్సినవన్నీ జరిపించి, డప్పులు కొట్టి చాటేవరకూ ఆ మాట ఎవరి నోటా రాకూడదు. ఎవరూ ఏడవకూడదు, నల్లబట్ట కట్టకూడదు. ఊరందరికీ తెలిసిన సంగతి తెలియనట్టు ఊరంతా కలిసి నటించడంలో మమ్మల్ని మించినవాళ్లు ఈ భూమ్మీద లేరు. దీనికి మూడు వందల ఏళ్ల అనుభవం ఉందని మేం గర్వంగా చెప్పుకుంటాం.

ఈ వార్తకి అందరికన్నా ఎక్కువ ఇరుకున పడ్డవాడు అదుసే. అతను నానాకి ఒచామె, అంటే నోరు. మా రాజులు జనంతో నేరుగా మాట్లాడరు. రాజు మెల్లగా గొణిగినదాన్ని, బంగారు పిడి కర్ర పట్టుకుని నిలబడి, నగిషీలు చెక్కి జనానికి వినిపించడం ఒచామె పని. ఇరవై రెండేళ్లుగా అదుసే ఆ పని చేస్తున్నాడు. నానా "ఊఁ" అంటే దాన్ని అరగంట చెప్పగల సమర్థుడు. ఇప్పుడా ఊఁ అనేవారు లేక, పద్దెనిమిది రోజులుగా నోరు మూసుకుని ఇంట్లో కూర్చున్నాడు. పైగా వాగు మొదలుని ఆనుకుని ఉన్న తోటల్లో మొట్టమొదటిది వాళ్లమ్మ నాటిన కోకో తోట. ఆవిడ ఒక్కో చెట్టునీ ఒక్కో పేరుతో పిలిచేది. అది పోతుందన్న మాట చెవిన పడగానే అదుసే పెద్దలకి కబురు పెట్టాడు.

పెద్దలందరూ రాణీతల్లి అఫ్రాకోమా ఇంట్లో సమావేశమయ్యారు. ఆవిడ నానాకి తోడబుట్టిన అక్క. నానాకి ఆఖరి స్నానం చేయించింది ఆవిడే.

"అబద్ధమని చెప్పండి. అంత ఆలోచనెందుకు?" అంది ఆవిడ.

"ఎలా చెప్పేది తల్లీ? మంత్రి నానాని కలవలేదంటే, మరి నానా ఎక్కడున్నారని అడుగుతారు," అన్నాడు అదుసే.

"అయితే చాటేయండి. తమ్ముడు పోయి ఇన్నాళ్లయినా నాకు ఏడవడానికి సెలవు దొరకలేదు. నేల దక్కుతుంది, నా ఏడుపూ తీరుతుంది."

ఆ 'పోయి' అన్నమాటకి పెద్దలందరూ ఒక్కసారిగా దగ్గారు.

"చాటడానికి మూడు నెలలైనా పడుతుంది తల్లీ," అన్నాడు ఒక పెద్దాయన. "బుల్డోజరు సోమవారం వస్తుందట."

చివరికి చదువుకున్నవాళ్లతో సామరస్యంగా మాట్లాడటం మంచిదని తీర్మానించి, అదుసేని కుమాసిలో మంత్రిగారి శాఖ ప్రాంతీయ కార్యాలయానికి పంపారు. అక్కడి డిప్యూటీ డైరెక్టర్ బోచే మా పక్క ఊరివాడు, తల్లి వైపు అదుసే వంశం వాడు. ప్రభుత్వంలో మనవాడు ఉన్నాడని మేం ఎప్పుడూ చెప్పుకుని మురిసిపోయే బోచే అతనే.

"నానా ఆ రోజు మంత్రిగారిని కలవలేదు బాబూ," అన్నాడు అదుసే.

"కలవకపోవడమేంటి మావయ్యా? ఫైల్లో ఉంది కదా."

"నానా ఊళ్లో లేరు."

"ఎక్కడికెళ్లారు?"

అదుసే గొంతు తగ్గించాడు. "పల్లెకు."

బోచే పెన్ను కింద పెట్టాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు. చెప్పులు విడిచాడు. కళ్లద్దాలు తీశాడు. అదుసే రెండు చేతులూ పట్టుకుని, "అయ్యయ్యో, ఎంత పనైంది మావయ్యా! నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని పేరు పెట్టింది ఆయనే" అని కళ్లొత్తుకున్నాడు. తర్వాత బోచే చెప్పులు తొడుక్కుని, బల్ల చుట్టూ తిరిగి అవతలికి వెళ్లి, కళ్లద్దాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"చెప్పండి, ఏం పని మీద వచ్చారు?"

"ఇప్పుడే కదయ్యా చెప్పాను!"

"అది బల్లకి అటువైపు చెప్పారు. ఇటువైపు చెప్పాలంటే కాగితం కావాలి. డెత్ సర్టిఫికెట్ తెచ్చారా?"

"ఓరి నీ! ఆ మాట అనకూడదని నీకు తెలీదూ?"

"నేను మాత్రం అసాంటేని కానా మావయ్యా? తెలుసు కాబట్టే ఇంగ్లీషులో అడిగాను. మా ఫారంలో రెండే గళ్లున్నాయి. ఒకటి జీవించి ఉన్నారు, రెండోది మరణించారు. పల్లెకు వెళ్లారు అన్న గడి లేదు."

"ఓ గడి గీసుకోలేరా?"

"గీయొచ్చు. పార్లమెంటులో బిల్లు పెట్టాలి."

బోచే మా ఆచారాల మీద అపారమైన గౌరవంతో 'జీవించి ఉన్నారు' అన్న గడిలో టిక్కు పెట్టాడు. పక్కన 'ప్రస్తుతం పర్యటనలో ఉన్నారు' అని రాశాడు. అదుసేకి టీ తెప్పించి, బస్సు దాకా వచ్చి సాగనంపాడు. ప్రభుత్వం మా మాట వినదని మావాళ్లు రేడియోల్లో తిడుతుంటారు గానీ, బల్లకి అవతల కూర్చున్నదీ మేమే. ఇవతలికి వచ్చినప్పుడల్లా కన్నీళ్లు పెట్టుకుంటాం కూడా.

సోమవారం శంకుస్థాపన మహోత్సవం వైభవంగా మొదలైంది. షామియానాలు వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు పరిచారు, బ్యాండు వాయించారు. తోటల గట్టు మీద పసుప్పచ్చ బుల్డోజరు మెళ్లో పూలదండతో నిలబడింది. మంత్రిగారు బోచే ఫైలు ఆసాంతం చదువుకునే వచ్చారు. పుట్టింది మాకు మూడూళ్లవతలే కాబట్టి, 'పర్యటన' అంటే ఏమిటో ఆయనకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఖాళీగా, ఆచారం ప్రకారం పక్కకి వాల్చి పెట్టిన నానా పీఠం ముందు చెప్పులు విడిచి, భుజం మీది బట్ట దించి, ఎంతో వినయంగా వంగారు. ఫొటోలు బాగా వచ్చాయి.

ముందుగా పూర్వులకు మందు పోయాలి. పూజారి ముసలాయన సీసా ఎత్తి, నేల మీద ధార పోస్తూ వెళ్లిపోయిన రాజుల్ని పేరుపేరునా పిలవడం మొదలుపెట్టాడు. పొద్దుటి నుంచీ సీసాలో మందు బాగుందో లేదో చూస్తూనే ఉన్నాడేమో, మంచి ఊపు మీదున్నాడు.

"మొదటి ఫ్రింపాంగ్, వచ్చి తాగు! రెండో ఫ్రింపాంగ్, వచ్చి తాగు! మూ..."

అదుసే క్షయరోగిలా దగ్గాడు. ఊరంతా దగ్గింది.

"మూ అంటే?" అన్నారు మంత్రిగారు ఆసక్తిగా.

"మూడుసార్లు తాగమంటున్నాడు హానరబుల్," అన్నాడు అదుసే. ముసలాయన మిగిలిన సీసాని ఆ ప్రకారమే ఖాళీ చేశాడు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "మీకో సంతోషకరమైన సంగతి. ఇవాళ పొద్దున కూడా నేను నానాతో మాట్లాడే వస్తున్నాను. ఆయన ఆరోగ్యంగా ఉన్నారు. ఈ నేల ఇచ్చేశానని మరోసారి చెప్పారు. కాదనేవాళ్లు ఎవరైనా ఉంటే నిలబడండి. నానా ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో మీరే చెప్పండి. నేను కూర్చుంటాను."

నాలుగు వేల మంది జనం నేల చూపులు చూశారు. మా పూర్వులు తెల్లవాళ్ల తుపాకుల ముందు నిలబడ్డారని మేం ప్రతి పండక్కీ చెప్పుకుంటాం. ఆ రోజు మాత్రం ఒక్కరూ లేవలేదు. మంత్రిగారు నవ్వి, ఊరి పక్షాన కృతజ్ఞతలు చెప్పమని అదుసేకి సైగ చేశారు.

అదుసే కర్ర పట్టుకుని లేచాడు. నిజం చెప్పాలంటే కృతజ్ఞతలే చెబుదామనుకున్నాడు. ఇరవై రెండేళ్లలో రాజు అనని మాట ఒక్కటి కూడా అతని నోట రాలేదు. కానీ బుల్డోజరు వెనక వాళ్లమ్మ చెట్లు కాయలతో పచ్చగా కనిపిస్తున్నాయి. నోరు దానంతటదే తెరుచుకుంది.

"హానరబుల్ చెప్పింది అక్షరాలా నిజం. పొద్దున నేనూ అక్కడే ఉన్నాను."

మంత్రిగారి నవ్వు కాస్త తగ్గింది.

"వారు వెళ్లగానే నానా నన్ను వెనక్కి పిలిచారు. 'అదుసే, మంత్రి మనవాడు, మొహమాటానికి సరే అన్నాను. వాగు మొదలు ఇచ్చేది లేదు. ఈ మాట సభలో అందరూ వినేలా చెప్పు' అన్నారు. ఇది నానా మాట."

జనం ఈలలు వేశారు. ఆడవాళ్లు తలగుడ్డలు గాల్లోకి ఊపారు. మంత్రిగారు మైకు చేత్తో మూసి, పళ్ల బిగువున అడిగారు.

"ఏంటయ్యా ఈ వేషాలు? నానా ఎలా చెప్తారు?"

"ఎందుకు చెప్పరు హానరబుల్?"

"ఎందుకంటే ఆయన..."

"ఊఁ, ఆయన?"

రేడియో విలేఖరి మైకు తెచ్చి మంత్రిగారి గడ్డం కింద పెట్టాడు. పెద్దలంతా ముందుకి వంగారు. మంత్రిగారు నోరు తెరిచారు, మూశారు. ఎంత డాక్టరేటు చేసినా ఆయన కూడా మా మందలోవాడే, ఆ మాట ఆయన నోటా రాలేదు. "ఆయన మాటంటే ప్రభుత్వానికి శిరోధార్యం," అన్నారు చివరికి. సాయంత్రానికి బుల్డోజరు మెళ్లో దండ తీసేసి దాన్ని మరో ఊరికి పంపేశారు. రాత్రి వార్తల్లో నానా దూరదృష్టిని మెచ్చుకున్నారు. ఆయన్ని శాఖకి గౌరవ సలహాదారుగా నియమించారు కూడా.

మావాళ్లు అదుసేని భుజాల మీద ఎత్తుకుని ఊరంతా తిప్పారు. ఇంక నానా పల్లెకు వెళ్లిన సంగతి చాటుదామని ఎవరో అన్నారు గానీ, చాటితే 'ఇవ్వను' అన్నమాట కూడా ఆయనది కాదని తేలిపోతుందని అదుసే గుర్తుచేశాడు. కొంచెం ఆగుదాం అనుకున్నారు. ఈలోగా సంతలో కొట్ల తగాదా వచ్చింది. నానా ఏమన్నారని అదుసేని అడిగారు. నానా తీర్పు చెప్పారు. తర్వాత బడి గోడ ఎక్కడ కట్టాలో చెప్పారు. ఎన్నికలు దగ్గరపడ్డాక అధికార పక్షం వాళ్లు వచ్చి ఆశీస్సులు తీసుకెళ్లారు. అదే వారంలో ప్రతిపక్షం వాళ్లూ వచ్చి తీసుకెళ్లారు. ఉన్నన్నాళ్లూ ఊఁ అనడానికే బద్ధకించిన నానా, పల్లెకు వెళ్లాక ఏ విషయమూ నాన్చలేదు. ఇంత చురుకైన రాజు మాకు ఇంతకు ముందెప్పుడూ లేడు.

మొదట్లో నానా పేరున మాట్లాడిన ప్రతిసారీ అదుసేకి నిద్రపట్టేది కాదు. పాపం చేస్తున్నానని భయపడేవాడు. పోను పోను ఆ భయం పోయింది. నానా కారు కదపకపోతే బ్యాటరీ పాడవుతుందని అందులో తిరగడం మొదలుపెట్టాడు. ముందు సీట్లో కూర్చుంటే నడుం పట్టేస్తోందని వెనక సీట్లోకి మారాడు.

పదకొండు నెలలు గడిచాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం అదుసే చేపల పులుసులో ఫుఫు ముద్ద ముంచుకు తింటుంటే, రాణీతల్లి నడుచుకుంటూ వాళ్లింటికి వచ్చింది. రాణీతల్లి ఒచామె ఇంటికి రావడం మా ఊళ్లో ఎవరూ ఎరగరు.

"తినరా, తిను," అంది ఆవిడ, అరుగు మీద కూర్చుంటూ. "అదుసే, నా తమ్ముడు పదకొండు నెలలుగా ఐసు మీద పడుకుని ఉన్నాడు. చిన్నప్పట్నుంచీ వాడికి చలి పడదు. హర్మటాన్ గాలి మొదలైతే నా పక్కలోకి దూరి పడుకునేవాడు. ఆ పీఠానికి మా పిల్లల్లో ఒకణ్ణి చూసి పెట్టాను, బుద్ధిమంతుడు, నేల మీద నీకంటే గట్టిగా ఉంటాడు. కాదనడానికి వాడు ఉంటాడు కదా. చాటేద్దాం. నా ఒంట్లో ఓపిక ఉండగా ఒక్కసారి నోరారా ఏడవనీరా నాయనా."

అదుసేకి నిజంగానే కళ్లు చెమ్మగిల్లాయి. చెయ్యి కడుక్కున్నాడు. ఆవిడ చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. కొత్త రాజు వచ్చినా తనమ్మ తోటకి వచ్చే ప్రమాదం కూడా ఏమీ లేదు. వాకిట్లో నిలిపిన నానా కారు వైపు చూశాడు. తర్వాత లేచి లోపలికి వెళ్లి, కర్ర పట్టుకుని వచ్చి, ఆవిడ ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు.

"నాతో మాట్లాడ్డానికి కర్రెందుకురా?" అంది ఆవిడ.

అదుసే గొంతు సవరించుకుని, నిండు సభలో మాట్లాడినట్టు గట్టిగా చెప్పాడు. "తల్లీ, మీరు చెప్పినదంతా నానా విన్నారు. ఇప్పుడే వద్దంటున్నారు."

ఆవిడ మెల్లగా లేచి, రాజు మాట విన్నప్పుడు చేయాల్సినట్టే చెప్పులు విడిచి, తల వంచి, ఏడవకుండా ఇంటికి వెళ్లిపోయింది.