రెండున్నర చాయ్‌ల మత్తు

పసితనంలో ఆపరేషన్ కోసం మత్తుమందు పుచ్చుకున్న పిల్లల మెదళ్లు తర్వాత సరిగ్గా ఎదిగాయా లేదా అన్న సంగతిని ఇకమీదట తల్లుల బెంగకు వదిలిపెట్టడం కుదరదని, దానికీ ఒక ఫారం ఉండాలని పెద్దలు గుర్తించారు. ఫారం నలభై నాలుగు పేజీలు. (బెంగకు ఏనాడూ అన్ని పేజీలు పట్టలేదు.) దంతాలపల్లి మండలంలో ఈ పని చూసేందుకు వెంకట్రాం అనే ఆయన్ను 'శైశవ మత్తు పర్యవసానాల మండల సమన్వయకర్త'గా వేశారు. హోదా మొత్తం బోర్డు మీద పట్టకపోవడంతో రాసేవాడు 'పర్యవసానాల' దగ్గర ఆపేశాడు.

పిల్లను తీసుకుని పరీక్షకు రమ్మని తిరుమలకు కబురు వచ్చింది. ఆమె కూతురు సంధ్యకు ఎనిమిదో నెలలో పేగు మెలికపడితే ఆపరేషన్ చేయించారు. మత్తు ఇవ్వడానికి ఒప్పుకుంటూ సంతకం పెట్టింది తిరుమలే. పిల్లకు ఇప్పుడు ఏడేళ్లు. ఎడమ చెప్పు కుడికాలికి తొడుక్కున్నా, ఎక్కం మధ్యలో ఆగిపోయినా, తిరుమలకు ఆ సంతకమే గుర్తొస్తుంది. "అందరు పిల్లలు మరుస్తరే" అని భర్త ఎల్లేశ్ ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు నమ్మకం కుదరలేదు. బిడ్డ మెదడుకు ఏమీ కాలేదని చదువుకున్నవాళ్లెవరైనా ఒక్క మాట అంటే చాలు ఆమెకు.

ముగ్గురూ మండల ఆఫీసుకు వెళ్లారు. మొదటి ప్రశ్న దగ్గరే బండి ఆగింది. పిల్ల మత్తులో ఎన్ని నిమిషాలు ఉంది? దవాఖాన కాగితంలో 'మత్తు: ఇవ్వబడినది' అని మాత్రమే ఉంది.

"నిమిషాలు నాకెట్ల తెలుస్తయ్ సారూ?" అన్నాడు ఎల్లేశ్. "పిల్లను లోపటికి తీస్కపోయిన్రు. నేను బయట చాయ్ తాగిన. పానం ఊకోలే, ఇంకోటి తాగిన. మూడోది సగంల ఉండంగ నర్సమ్మ పిలిచింది."

వెంకట్రాం నిబంధనల పుస్తకం తిరగేశాడు. నిమిషాలు తెలియనప్పుడు కుటుంబ సభ్యుల జ్ఞాపకాన్ని యథాతథంగా నమోదు చేయాలని ఉంది. ఆయన యథాతథంగా 'రెండున్నర చాయ్‌లు' అని రాశాడు. పై ఆఫీసు తప్పుపట్టలేదు గాని, అల్లం చాయా, మామూలు చాయా అని రాతపూర్వక వివరణ కోరింది. (అల్లం. వివరణకు పదకొండు రోజులు పట్టింది.) నెల తిరిగేసరికి జనగామ, భూపాలపల్లి వైపు కూడా అదే కొలత అమల్లోకి వచ్చింది. చిట్యాలలో ఒక తండ్రికి చాయ్ అలవాటు లేదు కాబట్టి, అతని కొడుకు మత్తే తీసుకోలేదని తేల్చారు.

తర్వాత పోలిక. మత్తు తీసుకోని, అదే ఈడు పిల్ల ఇంకొకరు కావాలి. పక్కింటి గౌతమ్‌ను తీసుకొస్తే, వాడికి పన్ను పీకినప్పుడు చిగుళ్లకు మత్తు సూది వేశారని, చిగుళ్లు తలలో భాగమేనని తిప్పి పంపారు. ఎవరూ దొరక్క చివరికి సంధ్యను సంధ్యతోనే పోల్చారు. సమానంగా నిలిచింది.

బొమ్మల పరీక్షకు ఏ దేశం పుస్తకం తెప్పించారో గాని, అందులో మంచుమనిషి ఉన్నాడు. "సున్నం కుప్పకు ముక్కు పెట్టిన్రు" అంది సంధ్య. తప్పు. (జవాబుల పట్టీ చేతిలో లేకపోతే వెంకట్రామూ అదే అనేవాడు.)

ఇక జ్ఞాపకశక్తి. వెంకట్రాం ఐదు మాటలు చదివి వినిపించి, పావుగంట ఆగి అడుగుతానని భోజనానికి వెళ్లాడు. వచ్చేసరికి మూడయింది. మాటల కాగితం ఎక్కడ పెట్టాడో ఆయనకు గుర్తులేదు. (ఆయనకు చిన్నప్పుడు మత్తు ఇచ్చిన దాఖలాలు లేవు.)

"గుర్రం, గొడుగు, చెరువు, తాళం, బెల్లం," అంది సంధ్య. "కాగితం మీ అంగీ జేబుల పెట్టుకున్నరు సారూ."

జేబులోనే ఉంది. తిరుమలకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరేళ్లుగా మోస్తున్న బరువు ఒక్కసారిగా దిగినట్టయింది.

"అయితే నా బిడ్డ మంచిగనే ఉన్నట్టా సారూ?"

"గట్ల అనరాదమ్మా. గడువు దాటినంక చెప్పిన జవాబు లెక్కకు రాదు," అన్నాడు వెంకట్రాం నొచ్చుకుంటూనే. "మెదడు స్కాన్ తీస్తెనే ఖాయంగ తెలుస్తది. గంటసేపు కదలకుంట పండాలె. చిన్న పిల్లలు పండరు కద, అందుకని జర మత్తిస్తరు. గీడ సంతకం పెట్టు."

తిరుమల పెన్ను చేతిలోకి తీసుకుంది.

"మత్తుతోని ఏమన్న అయ్యిందా అని సూడనీకి మల్ల మత్తిస్తరా?"

"అవునమ్మా. పద్ధతి గదే."

ఆమె పెన్ను బల్ల మీద పెట్టేసి, కూతురి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. ఇన్నేళ్లలో ఆమె అంత నిబ్బరంగా నడవడం ఎల్లేశ్ చూడలేదు. అతనూ వెనకాలే వెళ్లాడు.

వెంకట్రాం ఫారంలో చివరి పేజీ తీశాడు. తల్లి సంతకానికి ఒప్పుకోకపోతే కారణం రాయాలి. ఆయనకు ఆ శ్రమ లేకుండా కారణం ముందే అచ్చువేసి ఉంది: 'తల్లికి విషయం అర్థం కాలేదు.'