మంత్రిగారి మొదటి మునక

మన రేవులో మునిగిన ఓడ ఒక్కటీ లేకపోవడం గత ప్రభుత్వాల చేతకానితనమేననీ, ఆరు నెలల్లో ఆ లోటు తీరుస్తాననీ రేవుల మంత్రి ప్రభాకరన్‌గారు ప్రకటించారు. సముద్రం అడుగున ఓడ ఉంటే విదేశీయులు డైవింగ్‌కు వస్తారు, టూరిజం పెరుగుతుంది. ఇంత దూరదృష్టి పీలమేడులో పుట్టినవారికే చెల్లింది. అక్కడికి సముద్రం చాలా దూరం.

డైవర్‌గా వాడిపట్టి మునియాండిని ఎంపిక చేశారు. బావుల్లో పడ్డ మోటార్లకు మునిగి తాడు కట్టడం అతని పని. గట్టు మీది నుంచి లాగేది భార్య ఇరుళాయి. ప్రారంభోత్సవం నాడు పని సరిగ్గా చేస్తే పర్మనెంట్ ఉద్యోగం అనేసరికి, ఇరవై ఏళ్లుగా నీళ్లలో నానుతున్న మునియాండికి కళ్లు కూడా తడిశాయి.

"కప్పల్, అదే ఆ ఓడ, ఎంత లోతులో ఉండాది మేడం?" అని ఆఫీసర్ జెబమలర్‌ని అడిగాడు.

"ఇంకా పైనే ఉండాదప్పా. ఫంక్షన్ రోజు ముంచుతాము."

ఆ రోజు రానే వచ్చింది. ఒక పాత సరుకు ఓడకు టెండర్ పిలిచి మరీ బొక్కలు పెట్టించారు. ఉదయమే ప్రారంభించిన కొత్త పడవలో, ఫోటో కోసం అందరినీ దింపేసి, మంత్రిగారు ఒక్కరే నిలబడి పచ్చజెండా ఊపారు. ఓడ మునగలేదు. మళ్ళీ ఊపారు. అది హాయిగా తేలుతూనే ఉంది. కాంట్రాక్టర్ బొక్కల్లో కూడా కక్కుర్తి పడ్డాడు.

"ఏమిది, గవర్నమెంట్ ఆర్డర్ వేసినా మునగదా?" అని మంత్రిగారు కోపంతో పడవ అడుగును ఒక్క తన్ను తన్నారు. పడవ విధేయంగా మునిగిపోయింది.

మునియాండి దూకాడు. అలవాటు కొద్దీ మంత్రిగారి నడుముకు మోటారుకు కట్టినట్టే రెండు చుట్లు చుట్టి ముడి వేసి, తాడు జాడించాడు. పక్క పడవలోంచి ఇరుళాయి లాగింది. మంత్రిగారు తలకిందులుగా పైకి వచ్చారు. రేవంతా చప్పట్లు. ఇక ఉద్యోగం ఖాయమని మునియాండి పట్టలేని సంతోషంతో నీళ్లలోనే ఒక గంతు వేశాడు.

మర్నాడు అన్ని పేపర్లలోనూ ఒకటే వార్త: "స్వయంగా దిగి డైవింగ్ ప్రారంభించిన మంత్రి."

ఆర్డర్ కోసం మొగుడూ పెళ్లాం ఆఫీసుకు వెళ్లారు.

"మినిస్టరు తామే దిగినారు, తామే పైకొచ్చినారు. రికార్డులో అట్లే ఉండాది," అంది జెబమలర్. "ఇంక నువ్వు నీళ్లలో యాడుంటివి? డ్యూటీకి రాలేదని నిన్ను తీసేసినారు."

ఇరుళాయి తాడు చుట్టి భుజాన వేసుకుంది.

"పరవాలేదు మేడం. మినిస్టర్ ఐయా ఇంట్లో ఉండారా? మేము తీయలేదంటే, ఆయన్ని ఉండిన చోటనే మళ్ళీ పెట్టేసి పోతాము."