గిటారు మీద గులాబి పిట్ట

పెళ్ళయిన నాటి నుంచీ మా మామగారు నన్ను ‘పళ్ళబ్బాయి’ అనే పిలుస్తారు. అందులో తప్పేమీ లేదు. నేను చేసేది పళ్ళ పనే. ఒక దంతవైద్యురాలి ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని కట్టుడు పళ్ళ సెట్లు తయారు చేస్తాను. అచ్చు పోయడం, పళ్ళు వరసగా కూర్చడం, చివర్లో గిర్రున తిరిగే గుడ్డ చక్రానికి ఆనించి అద్దంలా మెరిపించడం నా ఉద్యోగం. పద్దెనిమిదేళ్ళలో మామగారి నోటి నుంచి నా గురించి ఒక్క మెప్పు మాట రాలేదు. ఆ నోట్లోని పై వరస నేను చేసిందే. దాని సందుల్లోంచి కూడా రాలేదు.

ఆయన రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. సాయంత్రాలు ముగ్గురు స్నేహితులతో కలిసి గిటారు వాయించేవారు. ఆ గిటారు వయసు నలభై దాటింది. పైన పూత పెచ్చులుగా లేచిపోయి, ఒళ్ళంతా గీతలు పడ్డాక, దాన్ని నలుగురిలోకి తీసుకెళ్ళడానికి మొహమాటపడి అటక మీద పెట్టేశారు. మా ఆవిడ ఏదో వంక చెప్పి దాన్ని మా ఇంటికి తెచ్చింది. పోస్టాఫీసు కౌంటర్లో రోజంతా ముద్రలు కొట్టి వచ్చి, సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని, రెండు నెలలు దాని మీద బొమ్మ వేసింది. ఒక వంపు తిరిగిన కొమ్మ, దాని మీద అయిదు నీలం పిట్టలు. వాళ్ళ నాన్నకి డెబ్బయ్యో పుట్టినరోజు కానుక. ఆయనకి తెలియకూడదు.

బొమ్మ ఎంత బాగుందంటే, నేను కూడా ఏమీ అనలేకపోయాను. ఒకటే లోటు. రంగు ఆరాక సున్నం కొట్టిన గోడలా కళ లేకుండా ఉండిపోయింది. పైన వార్నిష్ పట్టించి మెరుపు తేవాలి. మా వీధి చివర సోఫాలూ కుర్చీలూ పాలిష్ చేసే మేస్త్రి ఉన్నాడు. అతనికి అందరూ పెట్టిన పేరు నిదానం మేస్త్రి. మా ఆవిడ అడిగితే పూర్తిగా నెల పడుతుందన్నాడట. పుట్టినరోజుకి ఇంకా ఏడు వారాలుంది.

సరిగ్గా అక్కడే నాకు ఆలోచన వచ్చింది. బొమ్మ మా ఆవిడది. మెరుపు నాది అయితే? మామగారు గిటారు చేతిలోకి తీసుకుంటారు, అందులో తన ముఖం చూసుకుంటారు, ఇంత బాగా ఎవరు మెరిపించారని అడుగుతారు. అప్పుడు నేను వినయంగా తల వంచుకుంటాను. తల ఎంత వంచాలో కూడా అద్దం ముందు నిలబడి చూసుకున్నాను.

మా ఆవిడతో చెబితే, వద్దంది.

“అది పళ్ళ సెట్టు కాదండీ, గిటారు.”

“మెరుపు ఎక్కడైనా మెరుపే కదా. ఇరవై ఏళ్ళ అనుభవం నాది.”

“మీ అనుభవం ఎంతున్నా నోట్లో పట్టేంత వస్తువుల మీదే కదా.”

ఆ మాటకి నేను రెండు రోజులు అలిగాను. మూడో రోజు కూరలో ఉప్పు లేకపోయినా అడగకుండా తినేసరికి, ఆవిడకి భయమేసి ఒప్పుకుంది. అయితే షరతులు పెట్టింది. నిదానం మేస్త్రి చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసి నా చేతిలో పెట్టింది. పూత పల్చగా ఉండాలి. ఒక పూత బాగా ఆరాక గానీ రెండోది వేయకూడదు. దుమ్ము పడకూడదు. పూతలన్నీ అయ్యాక రెండు వారాలు ముట్టుకోకూడదు. తర్వాత వాటర్ పేపర్ అనే సన్నని గరుకు కాగితాన్ని నీళ్ళలో తడిపి మెత్తగా రుద్దాలి. అన్నిటికన్నా కింద, రెండు గీతలు గీసి, ‘ఆగాలి’ అని రాసింది.

నేను కాగితాన్ని భద్రంగా మడిచి జేబులో పెట్టుకున్నాను. తర్వాత ఆ చొక్కా ఉతుక్కి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆవిడ పుట్టింటికి వెళ్ళగానే వెనక గదిలో పని మొదలుపెట్టాను. తీగలు విప్పి, మధ్యలో ఉన్న గుండ్రటి కన్నానికి కాగితం అంటించి, మొదటి పూత వేశాను. పల్చగానే వేశాను, ఒట్టు. కానీ పల్చగా వేస్తే ఏమీ కనబడదు. మనిషన్నాక కాస్త ఫలితం కనబడాలి కదా. రెండో పూత కొంచెం దట్టంగా వేశాను. మూడోది ఇంకొంచెం. నాలుగోది వేసేసరికి గిటారు తేనెలో ముంచి తీసినట్టు తళతళలాడింది. నేను అయిదడుగులు వెనక్కి వెళ్ళి చూసుకుని, నన్ను నేనే మెచ్చుకున్నాను.

నా మెచ్చుకోలు పూర్తయ్యేలోగా వార్నిష్ కిందికి కారడం మొదలుపెట్టింది. పిట్టల కళ్ళ కింద నుంచి బొట్లు బొట్లుగా దిగింది. అయిదు పిట్టలూ వరసగా కూర్చుని ఏడుస్తున్నట్టు తయారైంది. త్వరగా ఆరితే కారడం ఆగుతుందని ఫ్యాను పూర్తి వేగంలో పెట్టాను. ఆ ఫ్యాను రెక్కల మీద ఎన్నాళ్ళ దుమ్ముందో ఆ రోజే తెలిసింది. మొత్తం గిటారు మీదికి దిగింది. దాంతో పాటు ఒక దోమ కూడా వచ్చి, కొమ్మ చివర ఆరో పిట్టలా వాలి, అక్కడే స్థిరపడిపోయింది.

సాయంత్రం మా ఆవిడ వచ్చి, పని ఎంతవరకూ వచ్చిందని అడిగింది. బ్రహ్మాండంగా ఉంది, కానీ ఆరేదాకా ఎవరూ చూడకూడదన్నాను. నిదానం మేస్త్రి కూడా అదే చెప్పాడని ఆవిడ సంతోషించింది. జీవితంలో మొదటిసారి నేనొక మాట మీద నిలబడ్డానన్నట్టు చూసింది. ఆ చూపుకి నాకు ఆకలి చచ్చిపోయింది.

రెండు వారాలు ఆగాలన్నది నాకు గుర్తుంది. కానీ దోమని అంతకాలం ఎలా చూస్తూ కూర్చోను? అయిదో రోజే రుద్దడానికి దిగాను. వాటర్ పేపర్ కోసం వెతికితే ఇంట్లో లేదు. కిటికీ తలుపులకి తుప్పు గీకిన ముతక గరుకు కాగితం మాత్రం ఉంది. మెల్లగా రుద్దితే ఏ కాగితమైనా ఒకటేనని సర్దిచెప్పుకుని, రుద్దాను. దోమ పోయింది. దుమ్ము పోయింది. కారిన బొట్లు పోయాయి. ఇంత సులభమా అనుకుంటుండగా కుడి వైపు చివరి పిట్ట తల పోయింది.

రెండు నెలల పాటు వంటింటి బల్ల దగ్గర ఆవిడ ఒక్కో ఈక గీసిన పిట్ట అది. మధ్యలో ఒకసారి, ఇది బాగా కుదిరింది కదూ అని నన్ను పిలిచి మరీ చూపించింది. ఇప్పుడక్కడ వేలి వెడల్పు ఉత్త చెక్క కనిపిస్తోంది. కాసేపు దాని మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యి తీస్తే తల ఉంటుందేమోనని ఒక ఆశ. తీశాను. లేదు.

మర్నాడు గిటారుని దుప్పట్లో చుట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలో ఎదురైన పక్కింటాయన ఎవరికి బాగాలేదని అడిగాడు. నాకేనని చెప్పాను.

పిట్టకి తల వేయాలి. మా ఆవిడ రంగులు ముట్టుకుంటే దొరికిపోతాను. నా దగ్గర రంగులు లేక కాదు, ఉన్నాయి. కానీ పళ్ళ సెట్లు చేసేవాడి దగ్గర ఏ రంగులుంటాయి? రెండే. ఒకటి చిగుళ్ళ గులాబి, రెండు పంటి తెలుపు. చాలా శ్రద్ధగా, ఊపిరి బిగబట్టి, గులాబి తలా తెల్ల ముక్కూ వేశాను. వేసి చూద్దును కదా, నీలం ఒంటి మీద అది పిట్ట తలలా లేదు. ఎవరో చిగుళ్ళు బయటపెట్టి నవ్వుతున్నట్టుంది. దాని మీద వార్నిష్ ఇంకో పూత వేసి, నాలుగు రోజులు ఆరనిచ్చి, ఇక మెరుపు తెస్తే రంగు సంగతి ఎవరూ పట్టించుకోరని తీర్మానించుకుని, గుడ్డ చక్రం తిప్పాను.

ఒక అరచేతి మేర నిజంగానే అద్దంలా వచ్చింది. అందులో నా ముక్కు కనబడింది. ఆ ఆనందంలో కాస్త గట్టిగా ఆనించాను. చక్రం గిటారు అంచుని పట్టుకుని, నా చేతుల్లోంచి లాక్కుని విసిరింది. అది ఎగిరి, నోటి కొలతలకి పోసి ఆరబెట్టిన ప్లాస్టర్ దవడల వరస మీద పడింది. పదమూడు దవడలు ఒకేసారి నేల మీద గలగలమన్నాయి.

చప్పుడుకి డాక్టరమ్మ వచ్చారు. నేల మీది దవడల్ని చూశారు, వాటి మధ్య వెల్లకిలా పడున్న గిటారుని చూశారు, చేతులు కట్టుకుని శాంతంగా అడిగారు.

“ఈ పేషెంటుకి ఏమైంది?”

నేను జరిగిందంతా చెప్పాను. ఆవిడ పూర్తిగా విని, దీనికి మందు నా దగ్గర లేదు, ఇంటికి వెళ్ళి మీ ఆవిడతో చెప్పెయ్యండి, ఆలస్యం చేసిన కొద్దీ నొప్పి ఎక్కువవుతుందన్నారు. పంటి విషయంలో ఆవిడ మాట ఎప్పుడూ పొల్లు పోలేదు.

సాయంత్రం గిటారుని వంటింటి బల్ల మీద పెట్టి దుప్పటి తీశాను. మా ఆవిడ చూసింది. చక్రం వేడికి పూత కాలి పసుపెక్కిన చోట చూసింది. అంచున పడ్డ సొట్ట చూసింది. గులాబి పిట్ట దగ్గర ఆగిపోయింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. కుర్చీలో కూర్చుని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. పద్దెనిమిదేళ్ళలో నేను విన్న తిట్లన్నీ ఆ నిశ్శబ్దం ముందు దీవెనల్లా అనిపించాయి.

“మామయ్యగారు ఒక్కసారి బాగుందంటారని చేశాను,” అన్నాను.

“నన్ను అడిగితే నేను అనేదాన్ని కదండీ. రోజుకోసారి అనేదాన్ని,” అంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గిటారు తీసుకుని నిదానం మేస్త్రి దగ్గరికి వెళ్ళింది. అతను దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, దీన్ని ఏ జంతువు పట్టుకుందని అడిగాడట. మా ఆయనేనని చెప్పిందట. అతను కారిన పూతంతా ఓపికగా తీశాడు, సొట్ట పూడ్చాడు. కాలిన చోట కొమ్మకి ఆవిడ మళ్ళీ రంగు వేసింది. ఆ పైన రోజుకో పల్చని పూత, తర్వాత ఎదురుచూపులు, తర్వాత తడిపి రుద్దడం. సరిగ్గా నెలకి గిటారు ఇంటికొచ్చింది. చెరువులో చందమామని చూసినట్టు దాని లోతులో దీపం కనిపించింది. అంతా సరిచేసిన ఆవిడ, గులాబి పిట్టని మాత్రం అలాగే ఉంచింది. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

పుట్టినరోజున మామగారి ముందు గది నిండా జనం. ఆయన గుడ్డ విప్పి గిటారుని ఒళ్ళోకి తీసుకున్నారు. నెమ్మదిగా తీగలు సవరించి, చిన్న పాట ఒకటి వాయించారు. అది అయ్యాక కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా చూశారు.

“ఈ ఒక్క పిట్టేమిటమ్మా, గులాబి రంగులో ఉంది? దీనికి పళ్ళున్నట్టున్నాయే.”

“అది ఆయన వేశారు నాన్నా,” అంది మా ఆవిడ.

మామగారు దాన్ని చాలాసేపు చూసి, భుజాలు కదిలేలా నవ్వారు. ఆయన అలా నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. బాగుందోయ్ అన్నారు. అక్కడితో ఆగితే ఈ కథ సుఖంగా ముగిసేది. మరి ఈ మెరుపు ఎవరిదని ఆయన అడిగారు. మా ఆవిడ నా వైపు చూసి ఊరుకుంది. నేను గొంతు సవరించుకుని, “ఏదో, మా వృత్తిలో అలవాటే కదా,” అన్నాను.

మరుక్షణం ఆయన స్నేహితులు ముగ్గురూ నన్ను చుట్టుముట్టారు. ఒకాయన మాండలిన్‌కి పూత పోయిందట. ఒకాయన వయొలిన్‌కి గీతలు పడ్డాయట. మూడో ఆయన వాయించేది నిలబెడితే నాకంటే ఎత్తుండే పెద్ద వాయిద్యం. దాన్ని ఆటోలో పంపిస్తానన్నారు. కాదనడానికి నోరు తెరిచాను. మామగారు నా భుజం మీద చెయ్యి వేసి, మా అల్లుడు కాదనడు అన్నారు. ఆ మాట కోసమే పద్దెనిమిదేళ్ళు ఎదురుచూశాను. నోరు మూసుకున్నాను.

తిరిగొస్తూ దారిలో మా ఆవిడని బతిమాలాను. వాళ్ళకి నిజం చెప్పెయ్యమన్నాను.

“మీరు చెప్పిందాన్ని నేను కాదంటే బాగుంటుందా? ఆ మెరుపు మీదేనంటారని నాకు ముందే తెలుసు. మేస్త్రితో పోయిన వారమే మాట్లాడాను. వచ్చే ఆదివారం నుంచి పొద్దున ఏడింటికి మిమ్మల్ని పనిలోకి రమ్మన్నాడు.”

ఇప్పటికి తొమ్మిది ఆదివారాలయింది. ఆ మూడు వాయిద్యాలూ మేస్త్రి దుకాణంలో గోడకి ఆనుకుని నా కోసం చూస్తున్నాయి. నన్ను మాత్రం ఇంకా వార్నిష్ డబ్బా ముట్టుకోనివ్వలేదు. కుర్చీ కాళ్ళు రుద్దిస్తున్నాడు. మొన్న మా ఆవిడ నాకు టీ పట్టుకొచ్చి, శిష్యుడెలా ఉన్నాడని అతన్ని అడిగింది. అతను చాలాసేపు ఆలోచించాడు.

“చెయ్యి మంచిదేనమ్మా. ఆగమంటే ఆగలేడు, అంతే.”

ఆవిడ నా చేతికి గ్లాసు అందించి, నేను రుద్దుతున్న కుర్చీ కాలుని వేలితో ఒకసారి తడిమి చూసింది.

“ఎన్నాళ్ళు పట్టినా నేర్పండి మేస్త్రీ,” అంది. “ఇంట్లో ఆయనతో తొందర పనేం లేదు.”