మెరీనానా, స్టెల్లానా

ఆ సోమవారం పొద్దున వీరస్వామి పెట్టుకున్న పని ఒక్కటే. బోధన్ బస్టాండు దగ్గర నరేష్ నడిపే ఇంటర్నెట్ సెంటరులో ఒక కాగితం అచ్చు వేయించుకోవాలి. ఆ కాగితంతో ఏడాదిన్నరగా తెగని తగువు తేల్చుకోవాలి. తగువులో రెండో పక్షం అతని భార్య శారమ్మ. ఆమె చనిపోయి అప్పటికి ఐదు నెలలు.

తగువు రెండు తెరచాప పడవల గురించి. చక్కెర ఫ్యాక్టరీలో మిల్లు ఫిట్టరుగా బతికిన మనిషి, అది మూతపడ్డాక నోరు కూడా మూసేసుకుని ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నాడు. ఒక మధ్యాహ్నం ఫోనులో ఏదో నొక్కబోతే ఇంకేదో తెరుచుకుంది. విదేశాల్లో ఒకాయన రెండు కొత్త పడవల్ని పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాడు. మెరీనా అనేది వెడల్పైనది, బరువైనది. రెండు పడక గదులు, వంటిల్లు, పెద్ద నీళ్ల ట్యాంకు ఉన్నాయి, ఏడాదంతా అందులోనే కాపురం చేయొచ్చు. స్టెల్లా సన్ననిది. ఎత్తైన తెరచాపతో పందెంలో కత్తిలా దూసుకుపోతుంది. వీరస్వామి మనసు స్టెల్లా మీద పడింది. శారమ్మ మాత్రం "దాంట్ల బియ్యం డబ్బా యాడ పెడ్తరు?" అని ఒక్క ప్రశ్న వేసి మెరీనా వైపు నిలబడింది.

ఆనాటి నుంచి రోజూ అన్నాలయ్యాక అదే వాదన. స్టెల్లాలో తాళ్లు బిగించే చక్రాల పనితనం గురించి అతను గంటసేపు చెప్పేవాడు. ఆమె మెరీనాలోని పొయ్యి దగ్గరే ఆగేది. పడవ ఎంత ఊగినా గిన్నె ఒలకని పొయ్యి అది. ఇద్దరిలో ఎవరూ సముద్రం చూసింది లేదు.

రెండు పడవల గుణాలూ రెండు వరసల్లో రాసి నరేష్‌కు ముందే ఇచ్చి ఉన్నాడు. చేతిరాత అర్థం కాక నరేష్ ఆ పొద్దున్నే ఫోన్ చేశాడు. ఇంట్లో సిగ్నల్ ఉండదు కనుక వీరస్వామి వాకిట్లో నిలబడి, గొంతు పెంచి చెప్పాడు.

"స్టెల్లా సన్నగుంటది, సూడనీకి మంచిగుంటది. గని జెర గాలి సోకితె పక్కకు ఒరుగుతది. మెరీనా బరువెక్కువ, గని నిమ్మళం. కాపురానికైతె మెరీనానే అంటరు. గీ ఆదివారం లోపల రెండిట్ల ఒకటి తేల్చాలె, నరేషూ."

పక్కింటి అరుగు మీద భీమవ్వ బియ్యం ఏరుతోంది. శారమ్మ పోయినప్పటి నుంచి రోజూ ఇంత కూర పంపే మనిషి, మనసులో కల్మషం లేదు. అందుకే తన బాధ్యత అనుకుని, నిజామాబాద్‌లో నర్సుగా చేసే అతని కూతురు హెప్సిబాకు ఫోన్ చేసింది. బాపు రెండు సంబంధాలు చూసుకుంటున్నాడనీ, ఒకామె సన్నగా, ఇంకొకామె లావుగా ఉంటారట అనీ, పేర్లు కూడా తనకు తెలుసనీ చెప్పింది. హెప్సిబా డ్యూటీ గదిలో కూర్చుని ఏడ్చింది. తేరుకున్నాక పాస్టరు రాజ్ కిరణ్‌కు ఫోన్ చేసి, మీరే మాట్లాడండి అంది.

పాస్టరు బుధవారం వచ్చాడు. మర్యాదస్థుడు, పెళ్లి అనే మాట నోట రానివ్వలేదు. మెరీనా, స్టెల్లా అని వింటున్నాను, ఏమనుకుంటున్నారు అని మాత్రం అడిగాడు. ఐదు నెలలుగా ఆ సంగతి అడిగిన మొదటి మనిషి అతనే. వీరస్వామి ముఖం వెలిగింది.

"శారమ్మకు తెలుసా ఈ సంగతి?" అన్నాడు పాస్టరు నెమ్మదిగా.

"తెల్వకేమయ్యగారు, ఏడాదిన్నర సంది తెలుసు. దవాఖానల పండుకొని గూడ మెరీనానే అన్నది."

పాస్టరుకు కళ్లు చెమర్చాయి. పోతూ పోతూ భర్తకు తోడు చూసి పోయిన ఇల్లాలు అనుకున్నాడు. అదే మాట హెప్సిబాకు చెప్పాడు. అమ్మ తనతో ఒక్క ముక్క అనలేదన్న బాధ హెప్సిబాను కోసింది. అయినా అమ్మ మాట కదా అని ఒప్పుకుంది.

ఆమె ఎవరని నొక్కి అడగడం మర్యాద కాదని, పాస్టరు చుట్టుపక్కల సంఘాల్లో తనే మెరీనా కోసం వెతికాడు. వర్నిలో ఒక మెరీనా దొరికింది గానీ ఆమె రెండో తరగతి చదువుతోంది. ముసలాయన పేరు తప్పు చెప్పి ఉంటాడని అనుకుని, నవీపేట్‌లో కుట్టు నేర్పే జ్యోతిరాణిని అడిగాడు. భర్త పోయి తొమ్మిదేళ్లైంది, పైగా స్త్రీల సమాజంలో శారమ్మకు స్నేహితురాలు. ఆమె రెండు రోజులు ఆలోచించి, సరే అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వీరస్వామి ఇంటికి వచ్చారు. శారమ్మ కోసం ప్రార్థన పెట్టుకున్నారు కాబోలు అనుకుని అతను కుర్చీలు వేశాడు. భీమవ్వ చాయ్ తెచ్చింది. ఈ ఇంట్లో మళ్లీ దీపం వెలగాలని పాస్టరు ప్రార్థిస్తే, వీరస్వామి అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నాడు. తరువాత పాస్టరు, మెరీనా సంగతి ఇక అందరి ముందూ మీ నోటితోనే చెప్పండి అన్నాడు. వీరస్వామి లోపలికి వెళ్లి, లామినేషన్ చేయించిన కాగితం తెచ్చి మధ్యలో పెట్టాడు. దాని మీద రెండు పడవలు ఉన్నాయి.

భీమవ్వ చాయ్ పళ్లెం కింద పెట్టి పెరట్లోకి వెళ్లిపోయింది. పాస్టరు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు, అవి పడవలే. హెప్సిబాకు నవ్వు ఆగలేదు. కాసేపటికి అది ఏడుపని అందరికీ తెలిసింది. జ్యోతిరాణి వైపు చూసే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది. ఆమె ఆవపువ్వు రంగు కొత్త చీర కట్టుకుని వచ్చింది. సంగతి అందరికంటే ఆలస్యంగా అర్థమైన వీరస్వామి లేచి నిలబడి ఆమెకు చేతులు జోడించాడు.

వచ్చినప్పటి నుంచి ఆమె అతన్ని ఏ వరసతోనూ పిలవలేదు. ఇప్పుడు ఆ కాగితం చేతిలోకి తీసుకుని, రెండు బొమ్మలూ చూసి, "అన్నా, శారమ్మక్కకు స్టెల్లానే ఇష్టముండె" అంది.

కాదనీ, చివరిదాకా మెరీనా పక్షమేననీ అతను అన్నాడు.

"నాతోటి చెప్పింది. 'సన్నది ఎంత ముద్దుగుంటదో జ్యోతీ. గని నేను ఒప్పుకుంటె ఆయన ఫోన్ పక్కకు వెట్టి గోడ దిక్కు తిరిగి పంటడు. ఫ్యాక్టరీ బందైనంక మనిషి మాట్లాడేది గీ ఒక్క ముచ్చటే' అన్నది."

బస్టాండు దాకా ఎవరినీ రానివ్వకుండా జ్యోతిరాణి వెళ్లిపోయింది. పాస్టరు కూడా క్షమించమని లేచాడు. వీరస్వామి గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఏడాదిన్నర తగువులో తనే గెలిచాడు. పోయిన ఐదు నెలల్లో అంత కష్టమైన రోజు అతనికి ఇంకోటి రాలేదు.

హెప్సిబా అన్నం వడ్డించింది. కంచాలు తీశాక ఆమె తండ్రి పక్కన కూర్చుని ఆ కాగితం ఒళ్లో పెట్టుకుంది.

"గీ రెండు గూడ బాగలెవ్వు, బాపు" అంది.

"ఏం బాగలెవ్వు?"

"గా చాప గంత ఎత్తెందుకు? దండుగ."

వీరస్వామి కళ్లద్దాల కోసం తడుముకున్నాడు. చాప ఎత్తు ఎందుకు కావాలో, గాలి పైన ఎట్లా ఉంటుందో, కింద ఎట్లా ఉంటుందో మొదలుపెట్టి, నాలుగింటి దాకా ఆపలేదు. మధ్య మధ్య ఆమె అడ్డంగా తల ఊపుతూనే ఉంది.

ఆ బొమ్మల్లో పడవ ముందేదో వెనకేదో హెప్సిబాకు ఇప్పటికీ తెలియదు.