కొత్తిమీర మడికి నలభై ఏడు ఫైళ్లు

పని మొదలుపెట్టక ముందే పూర్తయినట్టు కనిపించడం కంటే గొప్ప సుఖం ఈ లోకంలో మరొకటి లేదు. ఊరికే అనడం లేదు. మొయినాబాద్‌లో ఒక కిరాయి గదిలో కూర్చుని పదేళ్లుగా ప్రోగ్రాములు రాస్తున్నవాడిగా, అనుభవం మీద అంటున్నాను.

నమ్మకం లేకపోతే ఒకసారి మోకిల వైపు వెళ్లి రండి. రోడ్డు పక్కన పెద్ద కమాను, కమాను కింద సెక్యూరిటీ గది, గదిలో యూనిఫాం వేసుకున్న మనిషి, గోడ మీద ఈతకొలను బొమ్మ. లోపలికి తొంగిచూస్తే జొన్న చేను! ఇల్లు ఎవరైనా కడతారు. ఇల్లు లేకుండానే గేటుకు కాపలా పెట్టాలంటే దూరదృష్టి కావాలి.

ప్రోగ్రామర్లకు ఆ దూరదృష్టిని ప్రసాదించినదే టెంప్లేట్, అంటే ముందే పోసి పెట్టిన అచ్చు. పూర్వం కొత్త ప్యాకేజీ, అంటే ఒక పనికి కావలసిన ప్రోగ్రాముల మూట, రాయాలంటే ఖాళీ ఫైలు తెరిచి, పాపం, రాయడం మొదలుపెట్టేవారు. ఎంత అనాగరికం! ఇప్పుడు ఒక్క కమాండ్ కొడితే చాలు, టెంప్లేట్ మర్యాదగా నాలుగు ప్రశ్నలు అడుగుతుంది. ప్యాకేజీ పేరేమిటి, రాసేదెవరు, ఏ లైసెన్సు, ఇది దేనికి. జవాబు చెప్పగానే ఫోల్డరు సిద్ధం. మా ఆఫీసులో వరప్రసాద్ అన్న తయారుచేసిన టెంప్లేట్ అయితే ఒకేసారి నలభై ఏడు ఫైళ్లు ఇస్తుంది. అందులో మనం రాసినది ఒక్క అక్షరం ఉండదు. అదే దాని అందం.

ఈ అందాన్ని సురంగల్ అనే పల్లెకు పరిచయం చేసే భాగ్యం నాకు దక్కింది.

అక్కడ మా పెద్దమ్మ పెంటమ్మకు అరెకరం ఉంది. దాంట్లో కొత్తిమీర వేస్తుంది. కోసి కట్టలు కట్టి చేవెళ్ల మార్కెట్‌కు పంపిస్తుంది. బోరు ఒక్కటే, పంచుకునే ఇళ్లు మూడు. పెద్దమ్మ, ఆమె మరిది బాలప్ప, పక్క చేను అబ్రహాము. కరెంటు వచ్చినప్పుడల్లా మోటారు దానంతట అదే నడుస్తుంది. వంతు ఎవరిదైతే వాళ్లు వెళ్లి పైపు తమ మడిలోకి మార్చుకోవాలి. వెళ్లకపోతే నీళ్లు కిందటిసారి ఎవరి మడిలో పారాయో మళ్లీ అక్కడికే పోతాయి. కరెంటు ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు కాబట్టి, పెద్దమ్మ మోకాళ్ల నొప్పులతోనే గంటకొకసారి బోరు దగ్గరికి నడిచి చూసి వచ్చేది.

"మోటరు నడిస్తే నాకొక మెసేజ్ వచ్చేటట్టు జెయ్యి బిడ్డా," అని అడిగింది. "నీళ్లు తప్పితే కొత్తిమీర ఆగదు. ఎండలు గిట్లున్నయ్."

బోరు మోటారు స్టార్టర్ డబ్బాలో సిమ్ కార్డు ఉంది. మోటారు నడవగానే అది ఒక సంకేతం పంపుతుంది. ఆ సంకేతాన్ని పట్టుకుని, వంతు ఎవరిదో చూసి, వాళ్లకు మెసేజ్ పంపాలి. అంతే పని. "గంటలో అయిపోతది పెద్దమ్మా," అని మాటిచ్చాను. ఆ రోజు నుంచి ఆమె బోరు దగ్గరికి నడవడం మానేసింది.

నేను టెంప్లేట్ తెరిచాను.

ప్యాకేజీకి పేరు పెట్టడానికే నాలుగు రోజులు పట్టింది. తొందరపడితే ఎలా? రేపు దీన్ని ప్రపంచమంతా వాడవచ్చు. తర్వాత లైసెన్సు. బాలప్ప చిన్నాయన ఈ ప్రోగ్రామును కాపీ కొట్టి విదేశాల్లో అమ్ముకుంటే? ఒక వారం లైసెన్సులు చదివాను. ఆ తర్వాత ప్రవర్తనా నియమావళి: ఇందులో పాల్గొనేవారందరూ పరస్పరం గౌరవించుకోవాలి, భిన్నాభిప్రాయాలను స్వాగతించాలి. చేను గట్టు తగాదాతో ఏళ్లుగా మాటలు లేని బాలప్పకూ అబ్రహాముకూ ఇంతకంటే అవసరమైనది ఏముంటుంది? తెలుగులోకి అనువదించాను కూడా.

ప్యాకేజీ మూడు రకాల ఆపరేటింగ్ సిస్టముల మీద నడిచేలా అమర్చాను. స్టార్టర్ డబ్బాకు వాటిలో ఒక్కటీ లేదన్నది వేరే సంగతి. టెస్టులు నడిపితే అన్నీ పాసయ్యాయి, తప్పడానికి లోపల ఏమీ లేదు కాబట్టి! తెర మీద ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ఆ పచ్చదనం చూస్తే కడుపు నిండిపోయింది.

మధ్యలో పెద్దమ్మ ఫోన్ చేసింది.

"మొదలువెట్టినవా బిడ్డా?"

"పెట్టిన పెద్దమ్మా. మొదలుపెట్టేందుకు అన్నీ తయారు చేస్తున్న."

"మంచిది," అని పెట్టేసింది. చదువుకున్నవాడి మాట మీద ఆమెకు అంత నమ్మకం.

మూడో ఆదివారం పొద్దున టెంప్లేట్ చివరి మెట్టుకు వచ్చాను. నమూనా సందేశం పంపి చూడమంది. టెంప్లేట్ చెప్పాక కాదంటామా? 'మోటారు నడుస్తున్నది, మీ వంతు వచ్చింది' అని రాసి బటన్ నొక్కాను. నమూనా కదా, వంతు చూడదు. జాబితాలో నేను ఎక్కించిన ముగ్గురికీ వెళ్లిపోయింది.

ముగ్గురూ ఆ సమయంలో సురంగల్ చర్చిలో ఉన్నారు. పాస్టరు గారు ఓర్పు గురించి ప్రసంగిస్తున్నారు. మూడు ఫోన్లు ఒకేసారి మోగాయట. మూడు వరుసల్లోంచి ముగ్గురు లేచి, పాస్టరు గారి కళ్లముందే బయటికి నడిచారట. బోరు దగ్గర ముగ్గురూ ఎదురుపడ్డారు. అసలు కరెంటే లేదు.

"ఏం మెసేజ్ రా ఇది?" అని బాలప్ప ఫోన్ చేశాడు.

"ట్రయల్ చిన్నాయనా."

"ట్రయలా? పాస్టరు అయ్యగారు వచ్చే ఆదివారం మా గురించే జెప్తడు."

ఆయన కోపాన్ని నేను పట్టించుకోలేదు. మెసేజ్ వెళ్లింది, మనుషులు లేచారు, ఏళ్ల తరబడి ముఖాలు చూసుకోనివాళ్లు ఒకచోట నిలబడ్డారు. ఏ టెంప్లేట్ లేకుండా ఇది సాధ్యమయ్యేదా? ఆకుపచ్చ గుర్తుకు ఫొటో తీసి వరప్రసాద్ అన్నకు పంపాను. చప్పట్ల బొమ్మ పెట్టాడు.

తర్వాతి శనివారం సురంగల్ వెళ్లాను, సన్మానం జరుగుతుందని కాదు గానీ, కొంచెం అలాంటి ఆశతోనే. పెద్దమ్మ మడి పసుపుపచ్చగా ఉంది. ఆ మూడు వారాల్లో ఆమె వంతు నాలుగుసార్లు వచ్చి పోయింది. నాలుగుసార్లూ ఆమె ఇంట్లో ఫోన్ చేతిలో పట్టుకుని మెసేజ్ కోసం కూర్చుంది. నీళ్లేమో అబ్రహాము చేనులో పారాయి. ఆయన తప్పేమీ లేదు, ఈమె వద్దనుకుందని అనుకున్నాడట.

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. "మూడు వారాల సంది ఏం రాసినవో జర చూపియ్యి," అంది.

మంచం మీద లాప్‌టాప్ పెట్టి నలభై ఏడు ఫైళ్లూ చూపించాను. లైసెన్సు, నియమావళి, టెస్టులు. కళ్లద్దాలు సర్దుకుని ఓపికగా చూసింది.

"అన్ని మంచిగున్నయ్ గని, నీళ్ల ముచ్చట దేంట్ల ఉన్నది?"

వెతికాను. అన్నిటికంటే లోపలి ఫోల్డరులో, అన్నిటికంటే చిన్న ఫైలు. తెరిస్తే ఒకటే వాక్యం, అదీ వరప్రసాద్ అన్న రాసిందే: 'అసలు పని ఇక్కడ రాయండి.' చదివి వినిపించాను.

"మరి రాయి," అని పెద్దమ్మ మంచం కోడు పక్కన కింద కూర్చుంది. "నేను ఈడనే కూసుంట."

రాశాను. పదకొండు లైన్లు. నా కోసం పెట్టిన చాయ్ ఇంకా వేడిగానే ఉంది.

మంగళవారం సాయంత్రం కరెంటు వచ్చింది. మెసేజ్ పెద్దమ్మ ఒక్కదానికే, సరిగ్గా ఆ నిమిషానికే వెళ్లింది. ఆమే ఫోన్ చేసి చెప్పింది.

"మంచిగొచ్చింది బిడ్డా. పోయి ఎండిన మడికే నీళ్లు కట్టిన. నేల మెత్తవడితేనే గద, మల్ల దున్ని ఇత్తనం ఏసేది."